డైరెక్ట్ లింబాద్రి

రియాద్‌లో, బతా బజారు మెస్సుల్లో ఉత్త లింబాద్రి అంటే ఎవరూ పోల్చుకునేవారు కాదు. డైరెక్ట్ లింబాద్రి అనాలి. ఆర్మూరు పక్క పల్లె నుంచి వచ్చి, ఒక సౌదీ ఇంట్లో మెయింటెనెన్స్ పనికి కుదిరిన మనిషి. శుక్రవారం వచ్చిందంటే బతాలో వాలేవాడు. ఒకరి ఇస్త్రీ పెట్టె, ఇంకొకరి టేబుల్ ఫ్యాను, మెస్సువాళ్ల డొక్కు ఫ్రిజ్ అతని కోసం కాచుకుని ఉండేవి. విప్పేవాడు. లోపల స్విచ్చో ఫ్యూజు కటౌటో ఏదో ఒకటి పీకి పక్కన పడేసి, రెండు తీగలూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేవాడు. "డైరెక్ట్ చేసిన. ఇగ నడుస్తది, తీస్కపో" అనేవాడు. నడిచేది. అతనికి ఒక చాయ్, ఒక సిగరెట్, బోలెడంత పేరు దక్కేవి.

ఈ విద్య అతనికి బడిలో రాలేదు, పొలం గట్టున వచ్చింది. కరెంటు సరిగా లేక మోటారు స్టార్టరు మాటిమాటికీ పడిపోతుంటే, దాని బటన్‌కు పుల్ల చెక్కి బిగించి నీళ్లు పారించిన చెయ్యి అది. అలా బిగించి మోటారు కాల్చుకున్న రోజులూ ఉన్నాయి. కాలితే వైండింగ్ చేయించుకోవచ్చు, పంట ఎండితే ఏం చేస్తాం అన్నది ఊళ్లో అందరి మాటా, అతని మాటా. పడిపోయే స్విచ్ ఎందుకు పడిపోతోందని అడగడం అతనికి ఎవరూ నేర్పలేదు. తనంతట తాను నేర్చుకునేంత బుద్ధీ పుట్టలేదు.

అతనికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ పేరు అబూ సాలెహ్. ఇల్లు పెద్దది, గేటు పక్క గది లింబాద్రిది. అదే ఇంట్లో వంటకూ, మంచం పట్టిన పెద్దావిడ సేవకూ జైతూన్ బీ ఉండేది. రాయచోటి మనిషి, భర్త పోయాడు. ఐదేళ్ల కూతురు సల్మాను అక్క ఖాసింబీ దగ్గర వదిలి వచ్చింది. రెండేళ్ల ఒప్పందం ఎప్పుడో అయిపోయింది. దేశం దాటడానికి కఫీల్ ఒప్పుకుంటేనే పడే ఎగ్జిట్ ముద్ర వేయించమని అడిగినప్పుడల్లా అబూ సాలెహ్ "బుక్రా" అనేవాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు వచ్చేది కాదు, ఎందుకంటే పెద్దావిడను ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, ముద్దలు పెట్టే చేతులు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేవు. ఇంట్లో అందరూ 'మామా కబీరా' అనే ఆ పెద్దావిడ కూడా జైతూన్ తప్ప వేరెవరు ముట్టుకున్నా కేకలేసేది.

కఫీల్‌ను బాబా అని పిలిచే జైతూన్, వంటింటి వెనక తలుపు దగ్గర రొట్టె అందిస్తూ లింబాద్రిని అడిగేది. "అన్నా, బాబాతో నువ్వన్నా ఒక మాట సెప్పన్నా. నా బిడ్డ నన్ను మర్సిపోతాదేమోనని బయంగా ఉండాది."

"చెప్త చెల్లె. ఎట్లనన్న చేసి పంపిస్త నిన్ను, ఫికర్ జెయ్యకు" అనేవాడు లింబాద్రి. కఫీల్ ఎదుట నిలబడితే మాత్రం అతని నోరు పెగిలేది కాదు.

ఇరాక్ కువైట్‌ను పట్టుకున్నది 1990 ఎండాకాలంలో. చలికాలం నడుమ యుద్ధం మొదలైంది. రియాద్ మీదికి క్షిపణులు వస్తాయనీ, వాటిలో విషవాయువు ఉంటుందనీ రేడియోలో, మసీదు దగ్గర, మెస్సులో ఒకటే మాట. అబూ సాలెహ్ పెళ్లాం బిడ్డలతో జెద్దాలోని బంధువుల ఇంటికి బయలుదేరాడు. తల్లి కదలనంది. ఈ ఇల్లు దాటితే నేరుగా సమాధికే అని మంచం కోడు పట్టుకుంది. అప్పుడు అతను జైతూన్‌ను పిలిచి, లింబాద్రి ఎదుటే మాట ఇచ్చాడు. "యుద్ధం అయ్యేదాకా మా అమ్మకు చలి తగలకుండా చూడు. ఆమె ఊపిరితిత్తులు అసలే బాగోలేవు, ఈసారి జలుబు చేస్తే బతకదన్నాడు డాక్టర్. నేను తిరిగొచ్చేసరికి ఆమె క్షేమంగా ఉంటే, ఆ వారంలోనే నీకు ఎగ్జిట్. వల్లాహి." దేవుడి మీద ఒట్టు అది. జైతూన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆనందంతోనే ఏడ్చింది.

పోయే ముందు కఫీల్ లింబాద్రికి ఒక పని చెప్పాడు. ఇంటికి ఎక్కడ సందు ఉన్నా మూసెయ్యి, గాలి చొరబడకూడదు అన్నాడు. లింబాద్రికి పని చెబితే వంక పెట్టే వీలుండదు. కిటికీలకు ప్లాస్టిక్ షీటు పరిచి వెడల్పాటి టేపు కొట్టాడు. ఏసీ సందులు, బాత్రూం గవాక్షాలు, వంటింటి ఎగ్జాస్టు అన్నీ మూశాడు. చివరికి మేడ ఎక్కి, అక్కడ పైకి లేచి ఉన్న గొట్టాలన్నిటికీ మూడేసి పొరల ప్లాస్టిక్ తొడిగి, నైలాన్ తాడుతో బిగించి కట్టాడు. ఏ గొట్టం దేనిదో చూడలేదు. గాలి లోపలికి వచ్చేది గొట్టంలోంచే కదా అనుకున్నాడు. దిగివచ్చి, "చీమ గూడ రాదు చెల్లె" అని గర్వంగా చెప్పాడు.

మామా కబీరా గది కింది అంతస్తులో ఉంది. గది బయట చిన్న నడవా. నడవాలోకి తెరుచుకునే బీరువా లాంటి అరలో, అమెరికా నుంచి తెప్పించిన గ్యాస్ హీటరు నిలబడి ఉండేది. అది మండితే వేడిగాలి రేకు గొట్టాల గుండా గదిలోకి వచ్చేది. జైతూన్ దాన్ని దఫ్ఫాయా అనేది. పెద్దావిడ పిలిస్తే వినబడాలని ఆ నడవాలోనే చాప పరుచుకుని పడుకునేది.

కఫీల్ వెళ్లిన మర్నాడే దఫ్ఫాయా మొండికేసింది. భగ్గున అంటుకుంటుంది, ఫ్యాను తిరుగుతుంది, గది కాస్త వెచ్చబడుతోంది అనుకునే లోపల టక్కున ఆరిపోతుంది. చల్లారాక ఎప్పటికో మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆరిపోతుంది. బయట ఎముకలు కొరికే చలి. సాయంత్రానికి పెద్దావిడకు దగ్గు మొదలైంది.

"అన్నా, మామాకు దగ్గు పట్టుకున్యాది. ఏమన్నా సెయ్యన్నా. ఈయమ్మకేమన్నా అయితే నా గతి ఏంది?" అంది జైతూన్. లింబాద్రికీ తెలుసు. ముసలమ్మ రొమ్ములో వెచ్చదనం ఉంటేనే జైతూన్‌కు ఎగ్జిట్. మధ్యలో ఉన్నది ఆ ఇనుప పెట్టె ఒక్కటే.

అతను తనకు తెలిసినదంతా చేశాడు. గ్యాసు ఉందా అని చూశాడు, ఉంది. గాలి లాగే చోట ఉన్న జాలీ దుమ్ముతో పేరుకుపోయి ఉంటే తీసి కడిగాడు. ఆరిపోయింది. గోడ మీది వేడి చూసే డబ్బా విప్పి తీగలు తాకించి చూశాడు. అయినా ఆరిపోయింది. మంటలో ఉండే సన్న కడ్డీకి మసి పట్టిందని ఎమెరీ కాగితంతో రుద్దాడు. మంట నీలంగా, నిటారుగా లేచింది, చూసి మురిసేలోపే ఆరిపోయింది. మెషిన్ తనను వెక్కిరిస్తున్నట్టు అనిపించి దాని రేకు మీద ఒక గుద్దు గుద్దాడు. పొగగొట్టం మొదట్లో, రూపాయి బిళ్లంత స్విచ్ ఒకటి ఉండటం అప్పుడు గమనించాడు. దాని పక్కనే కూర్చుని కనిపెట్టాడు. అది టక్కుమన్నప్పుడే మంట ఆరుతోంది. చెయ్యి దగ్గర పెట్టి చూస్తే అక్కడ వేడి ఆవిరి గుప్పుమంటోంది. పైకి పోవలసిన పొగ వెనక్కి తన్నుకొస్తోందనీ, ఆ చిన్న స్విచ్ తన పని తాను నిక్కచ్చిగా చేస్తోందనీ ఒక్క క్షణం ఆలోచిస్తే తట్టేది. అతనికి తట్టింది వేరు. స్విచ్ పాడైంది అనుకున్నాడు.

మర్నాడు ఆ స్విచ్ పట్టుకుని బతాకు పరుగెత్తాడు. స్పేర్‌పార్టుల కొట్లో పనిచేసే ఖలందర్ అతని స్నేహితుడు, కరీంనగర్ మనిషి. సగం బజారు మూసి ఉంది. ఖలందర్ స్విచ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది ఇక్కడ దొర్కది లింబన్నా. లడాయి అయినంక అమెరికా నుంచి రావాలె" అని నవ్వాడు. "నీకెందుకే స్విచ్చి? డైరెక్ట్ లింబాద్రివి గాదా?"

పొగడ్త కదా. మొహమాటంగా నవ్వి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే రెండు తీగలూ కలిపి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. దఫ్ఫాయా అంటుకుంది. ఇక ఆరలేదు. గదిలోకి వెచ్చటి గాలి ధారగా వచ్చింది. పెద్దావిడ దుప్పటి తోసేసి, ఎన్నాళ్లకో తన చేత్తో ఖర్జూరం అందుకుని తింది. జైతూన్‌కు ప్రాణం లేచొచ్చింది. యాలకులు వేసి చాయ్ పెట్టి తెచ్చింది. "నీ సేతిలో ఏదో ఉండాదన్నా. నా బిడ్డకు సెప్తా నీ గురించి" అంది. లింబాద్రి ఆ మాట చాలాసేపు మనసులో నములుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు జైతూన్ తల పట్టుకుంది. కడుపులో తిప్పుతోంది అంది. సైరన్లకు నిద్ర లేక అనుకున్నారు ఇద్దరూ. లింబాద్రి తన దగ్గరున్న తలనొప్పి మాత్ర ఇచ్చాడు. ప్లాస్టిక్ షీట్ల లోపలి వైపు చెమట పట్టినట్టు నీళ్లు కారుతున్నాయి, నడవా గోడ తడిసింది. చలికి అలా అవుతుందిలే అన్నాడు. పెద్దావిడ మాత్రం తన మంచం పక్క కిటికీ టేపును గోటితో గీరి ఒక మూల ఊడదీసుకుంది. అంతా మూసేస్తే మసీదు అజాన్ వినబడటం లేదట. జైతూన్ వద్దంటే చేతి మీద కొట్టింది.

ఆ తర్వాతి రోజు తెల్లవారి లింబాద్రి వంటింటి తలుపు తట్టాడు. పలకలేదు. లోపలినుంచి ముసలమ్మ కర్రతో నేలను బాదుతున్న చప్పుడు. తన తాళంచెవితో తలుపు తీసి వెళ్లాడు. నడవాలో, దఫ్ఫాయా ముందు, జైతూన్ చాప మీద పడి ఉంది. ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. పిలిస్తే లేవలేదు. కుదిపితే తల వాలిపోయింది. వచ్చేసింది, అందరూ అన్న ఆ గ్యాసు వచ్చేసింది అనుకున్నాడు.

ఇక్కడ అతను చేసిన పని చెప్పడానికే నోరు రాదు. విషం బయట ఉందనుకున్నాడు కాబట్టి ఆమెను బయటికి తీసుకురాలేదు. తువ్వాలు తడిపి ఆమె ముక్కుకు అడ్డం వేసి, అదే చోట వదిలి, టేపు ఎక్కడ ఊడిందో వెతకడానికి పరుగెత్తాడు. ముసలమ్మ కిటికీ మూల కనబడింది. ఆమె తిడుతున్నా వినకుండా కొత్త టేపు కొట్టి బిగించాడు. ఇంకే సందైనా ఉందేమోనని గది గదికీ తిరిగాడు. వెనక హీటరు హాయిగా మండుతూనే ఉంది. కాసేపటికి అతనికీ కళ్లు తిరిగాయి. హాలు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. మసక ప్లాస్టిక్ గుండా వీధి కనబడింది. వీధిలో బంగ్లాదేశీ మనిషి ఒకడు, మూతికి గుడ్డ కూడా లేకుండా, చీపురుతో రోడ్డు ఊడుస్తున్నాడు. పక్కనే పావురాలు గింజలు ఏరుకుంటున్నాయి.

లింబాద్రి వాటినే చూస్తూ ఉండిపోయాడు. బయట ఏమీ లేదు. ఉన్నదంతా లోపలే ఉంది.

జైతూన్‌ను ఈడ్చుకుంటూ పెరట్లోకి తెచ్చాడు. మళ్లీ లోపలికి పోయి ముసలమ్మను భుజాన వేసుకు వచ్చాడు. అంబులెన్స్ వచ్చేలోపు మేడ ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో అతనికే తెలియదు, కాళ్లు తీసుకెళ్లాయి. గొట్టాల వరసలో ఒకదాని మీది ప్లాస్టిక్ లోపల నల్లబడి, వేడికి ముడుచుకుని ఉంది. తన ముడే. గడ్డి మోపు కట్టినప్పుడు వేసే ముడి. ఆ ముడిని పళ్లతో కొరికి విప్పాడు. కిందికి వచ్చి హీటరు ఆర్పి, తీగల మెలి విప్పి, ఆ చిన్న స్విచ్‌ను మళ్లీ దాని చోట బిగించాడు.

ముసలమ్మ రెండ్రోజుల్లో తేరుకుంది. అజాన్ కోసం ఊడదీసిన ఆ మూలే ఆమెను కాపాడింది. జైతూన్‌కు ప్రాణం నిలిచింది, మిగతాది నిలవలేదు. ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టర్ ఆమెను చూసి, "బొగ్గుల పొగ. మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నారా?" అని అడిగాడు. నడవా మూల సాంబ్రాణి వేసే మబ్‌ఖరా ఉంది, అందులో ఆరిన బొగ్గులూ ఉన్నాయి. యుద్ధం ఆగి తిరిగొచ్చిన అబూ సాలెహ్‌కు అదే ఆధారం దొరికింది. మా అమ్మ గది పక్కన బొగ్గులు రాజేసి ఆమెను చంపబోయింది అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. తర్వాత లింబాద్రి వైపు తిరిగి, "హీటరు బాగానే ఉండిందా?" అన్నాడు.

"బాగానే ఉంది" అన్నాడు లింబాద్రి.

అంతే అన్నాడు. జైలు కళ్ల ముందు మెదిలింది. ఊళ్లో పెళ్లాం, ఇంకా పైకప్పు పడని ఇల్లు మెదిలాయి. భయం అందరికీ ఉంటుంది. కానీ ఆ రోజు అతని ఎదుట, గోడకు ఆనుకుని, తన మీద పడుతున్న నింద ఏమిటో కూడా అర్థం కాక కఫీల్ అరుపుకు చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నది జైతూన్. దానికి ఏ సాకూ సరిపోదు.

ఆమె చాయ్‌లో ఉప్పు వేసేది. వంటింట్లోంచి నడవాకు దారి మరిచిపోయి నిలబడిపోయేది. పొద్దున అన్నం తిన్నదో లేదో మధ్యాహ్నానికి తెలిసేది కాదు. ఉన్నచోటే బట్టలు తడుపుకునేది. అబూ సాలెహ్ భార్య ముక్కు మూసుకుని, దీన్ని వెంటనే పంపించెయ్యి అంది. మూడేళ్లు బతిమాలినా పడని ఎగ్జిట్ ముద్ర వారంలో పడింది. దానికి కారణం ఇచ్చిన మాట మాత్రం కాదు.

ఎయిర్‌పోర్టు దాకా లింబాద్రే తోడు వెళ్లాడు. ఆమె చేతిసంచి పట్టుకుని బొమ్మలా నడిచింది.

"యాడికన్నా పోతాండేది?"

"ఇంటికి చెల్లె."

"ఎవురింటికి?"

అదే విమానంలో పోతున్న కడప మనిషి ఒకతన్ని కాళ్లూ వేళ్లూ పట్టుకుని బతిమాలి, ఆమెను అప్పగించి వచ్చాడు.

ఆ తర్వాత లింబాద్రి బతాకు పోవడం తగ్గించాడు. పోయినా ఎవరి ఇస్త్రీ పెట్టె ముట్టుకునేవాడు కాదు. "డైరెక్ట్ కొట్టి ఇయ్యరాదే" అని ఎవరైనా అంటే విసురుగా లేచిపోయేవాడు. ఖలందర్ ఎన్నిసార్లు అడిగినా ఏం జరిగిందో చెప్పలేదు. మెస్సులో రాయచోటి వాళ్ల మాట వినబడితే అన్నం వదిలి మొహం చాటేసేవాడు. చలికాలం వస్తే కఫీల్ ఇంట్లో హీటరు వెలిగించేది అతనే. వెలిగించి, మేడ ఎక్కి, పొగ బయటికి వస్తోందా అని చూసి, దిగి, మళ్లీ ఎక్కి చూసేవాడు. జైతూన్ స్థానంలో వచ్చిన శ్రీలంక అమ్మాయి అతన్ని పిచ్చివాడు అనుకునేది. ఎవరూ కోపగించుకోకుండా, ఎవరూ శిక్షించకుండా అలా రెండు చలికాలాలు గడిచాయి. అదే అతనికి భరించరానిదయింది.

సెలవు దొరికినప్పుడు అతను ముందు ఆర్మూరు పోలేదు. బస్సులు మారి రాయచోటి చేరాడు. దారి పొడుగునా ఒకే మాట నోట్లో నలుపుకుంటూ పోయాడు. బొగ్గులు కాదు, నేనే. ఆ మాట ఆ ఇంట్లో చెప్పి, వాళ్లు కొడితే కొట్టించుకుని రావాలని వెళ్లాడు.

ఖాసింబీ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సౌదీలో మతి పోగొట్టుకున్నామె ఇల్లంటే ఊళ్లో పిల్లలు కూడా చూపించారు. ఖాసింబీ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. అడగకముందే చెల్లెలి గురించి మొదలుపెట్టింది.

"ఎవుర్ని అని ఏం లాభం అన్నా? సలికి తట్టుకోల్యాక బొగ్గులు పెట్టుకొని పండుకున్యాదంట. అంత దూరం పోయి ఇంత పిచ్చిపని సేస్తాదా ఎవురన్నా? మా నెత్తిన దించింది కష్టం."

లింబాద్రి గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, నేను చెప్పేది జర ఇను..."

అప్పుడే లోపలి గదిలోంచి జైతూన్ వచ్చింది. ఆమె వెనకే పదేళ్లు దాటిన పిల్ల, చేతిలో దువ్వెన. సల్మా. తల్లిని చెయ్యి పట్టి గుమ్మంలో కూర్చోబెట్టి, చిక్కులు పడకుండా నెమ్మదిగా జుట్టు దువ్వుతోంది. జైతూన్ తలెత్తి లింబాద్రిని చూసింది. అక్క పేరే కొన్ని రోజులు గుర్తుండని మనిషి, ముఖం వెలిగిపోగా లేవబోయింది.

"లింబాద్రన్నా! బాబాకు సెప్పినావా అన్నా? నాకు ఎగ్జిట్ ఇప్పియ్యన్నా, నీకు పుణ్యముంటాది. నా బిడ్డను సూడల్ల. సల్మా నన్ను మర్సిపోతాదన్నా."

సల్మా చేతిలో దువ్వెన ఆగింది. మళ్లీ కదిలింది.

దారంతా నలిపిన మాట లింబాద్రి పక్కన పెట్టేశాడు. ఆమె బతిమాలే చూపు ఆ క్షణానికి ఆగితే చాలనిపించింది. "చెప్పిన చెల్లె" అన్నాడు. "ఒప్పుకున్నడు. రేపే నీ ఎగ్జిట్. పొద్దుగాల కారు వస్తది."

జైతూన్ రెండు చేతులూ జోడించింది. గబగబా లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచి, బట్టలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టినవన్నీ మూట కట్టి, చంకన పెట్టుకుని వచ్చి, వీధి వైపు ముఖం చేసి గుమ్మంలో కూర్చుంది. ఖాసింబీ నుదురు కొట్టుకుంది.

సల్మా దువ్వెన పక్కన పెట్టి లింబాద్రి వైపు చూసింది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అట్ల ఎందుకు సెప్పినావు మామా? పోయినసారి ఎవురో ఇట్లనే సెప్పిపోయినారు. కారు వచ్చేదాకా కూడు ముట్టదు, పండుకోదు. నేనే కదమ్మా సల్మాను అంటే, నా బిడ్డ సిన్నది, నువ్వెవురివమ్మా అంటాది."